ఏరుల పుట్టుక – ఏలూరి వరద

ఏరుల పుట్టుకను విచారింపరాదని మన పెద్దలు ఒక మాట అనుచుండెడివారు. వీరుల విషయములో ఆ మాట ఎంతవరకు ఉచితమో మేము చెప్పజాలము గాని, ఏలూరులో కాపురముండువారికి మాత్రము ఏరు ఎక్కడ పుట్టినదో, ఏ దారిని వచ్చుచున్నదో విచారింపక తప్పదు. ఈ వ్యాసమునకు కారణము ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న. 2020వ సంవత్సరము అక్టోబరు నెల నడుమ, కాకినాడ దగ్గర వాయుగుండము తీరము దాటిన రోజులలో, తమ్మిలేరు పొంగి పట్టణములోని పల్లపు పేటలలోనికి నీరు వచ్చినది. ఆ తరువాత కొన్ని నెలలకు కళాశాలలు తెరచినారు. తరగతిలో ఒక బాలుడు తన సర్టిఫికెట్లను ప్లాస్టిక్ సంచిలో పెట్టి తెచ్చినాడు. సిరా కరగి అక్షరములు అలికినట్లున్నవి. వానిని చూపుచు అతడు అడిగినది ఇది: "వాన వెలిసిపోయాక నీళ్లొచ్చాయేమండీ?"

మేము తెలుగు బోధించువారము. సంధులు, సమాసములు అడిగిన వెంటనే చెప్పగలము గాని ఈ ప్రశ్నకు ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. మా సహాధ్యాపకులలో భూగోళము తెలిసినవారిని అడిగి, సర్వే ఆఫ్ ఇండియా పటములు ముందు పెట్టుకొని, వేసవి సెలవులలో కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని తమ్మిలేటి గట్టున నడచి నేర్చుకొన్నదే ఇప్పుడు వ్రాయుచున్నాము. ఈ సంవత్సరము దీనిని వ్రాయుటకు ఇంకొక కారణము కూడ కలదు. అది చివర చెప్పుదుము.

మొదట మాటలను గూర్చి. మా వృత్తిధర్మము విడువలేము గదా! తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు, గుండేరు, ఉప్పుటేరు - ఈ పేర్లన్నిటి చివర ఉన్నది 'ఏరు'. మన పూర్వులు వీనిని నదులనలేదు. గోదావరి నది, కృష్ణ నది. వాని వరద దూరమునుండి కబురు పంపి వచ్చును. మహారాష్ట్రలో కురిసిన వాన ధవళేశ్వరము చేరుటకు రోజులు పట్టును. మొదటి హెచ్చరిక, రెండవ హెచ్చరిక అని ఎగురవేయుటకు వ్యవధి దొరకును. ఏరు అట్లు కాదు. సంవత్సరములో అధికభాగము ఇసుక మేటలతో, తుంగతో, పశువుల అడుగులతో నిద్రించును. వచ్చినపుడు గంటలలో వచ్చును. ఉర్దూలో వరదను 'సైలాబ్' అందురు. 'సైల్' అనగా అరబ్బీలో ప్రవాహము, 'ఆబ్' అనగా పారసీలో నీరు. ఎండిన లోయలో హఠాత్తుగా వచ్చు ప్రవాహమునే ఆ భాషలో సైల్ అందురు. ఎండిన ఏటి లోయకు వారి పేరు 'వాదీ'. కాబట్టి తమ్మిలేరును ఒక విధముగా మన పచ్చని జిల్లాలోనికి దిగివచ్చిన వాదీ అనవచ్చును.

ఈ పోలిక అతిశయోక్తిగా తోచవచ్చును. డెల్టాలో పుట్టి పెరిగినవారికి మన ప్రాంతమంతయు కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలే. కాని ఏలూరు నుండి ఉత్తరముగా చింతలపూడి బస్సులో ఒక గంట ప్రయాణము చేసిన, నేల రంగు మారును. నల్లరేగడి పోయి ఎర్రనేల వచ్చును. వరి తగ్గి మామిడి, జీడిమామిడి, పామాయిలు, పొగాకు కనబడును. దీనిని మనవారు 'మెట్ట' అందురు. అక్కడ వాన తక్కువ రోజులలో ఎక్కువగా కురియును. వేసవి నాలుగు నెలలు నేల కాలి, పైపొర గట్టిపడి పెంకువలె నగును. అట్టి నేల మీద పెద్ద చినుకులు పడినపుడు సన్నని మన్ను లేచి నేల రంధ్రములను పూడ్చివేయును. నీరు లోనికి దిగుటకు మారుగా పైన జారిపోవును. తమ్మిలేరు ఈ మెట్టలకు ఎగువన, ఖమ్మం జిల్లా సత్తుపల్లి ప్రాంతపు కొండల వైపున పుట్టి, చింతలపూడి మెట్టల మీదుగా ఏలూరికి దిగుచున్నది. నూజివీడు వైపునుండి రామిలేరు, మైలవరము కొండల నుండి బుడమేరు దిగుచున్నవి. ఇవన్నియు చేరునది కొల్లేరు. తాడేపల్లిగూడెము ప్రక్కనుండి పోవు ఎర్రకాలువ మాత్రము కొల్లేరు చేరదు. దానిని గూర్చి తరువాత.

ఇప్పుడు పరీవాహము అను మాటను గ్రహింపవలెను. విద్యార్థులు ఒక రావి ఆకును కోసి చేతిలో పెట్టుకొని చూడుడు. నడిమి ఈనె ఏరు. ప్రక్క ఈనెలు వాగులు. వాని మధ్యనుండు సన్నని నరములు చేల గట్ల ప్రక్కన పారు వంకలు. ఆకు అంచు వరకు ఎక్కడ చినుకు పడినను అది తొడిమ దగ్గరకే వచ్చును. అంచు దాటి పడిన చినుకు వేరొక ఆకుది. ఏలూరు తొడిమ దగ్గర ఉన్న ఊరు. అంతకంటె ఈ శాస్త్రములో కష్టమైనది లేదు. ఒక ఊరి వరదను తెలిసికొనుటకు ఆ ఊరి ఆకాశమును చూచిన చాలదు, ఆకు అంచు ఆకాశమును చూడవలెను. విద్యార్థి ప్రశ్నకు సగము సమాధానము ఇదే. ఏలూరులో వాన వెలిసినను మెట్ట మీద కురిసినది దారిలో ఉన్నది.

ఆకు ఆకారము కూడ లెక్కలోనికి వచ్చును. తమలపాకు వలె వెడల్పైన పరీవాహములో అన్ని వాగుల నీరు ఇంచుమించు ఒకే సమయమునకు తొడిమ చేరును, వరద ఎత్తుగా లేచి త్వరగా దిగును. కొబ్బరాకు వలె పొడవైన దానిలో దిగువ నీరు పోయిన తరువాత ఎగువ నీరు వచ్చును, వరద పొట్టిగా, దీర్ఘముగా ఉండును. వాన పరీవాహము వెంబడి ఎగువనుండి దిగువకు నడచివచ్చినచో మాత్రము పొడవైన ఆకు కూడ తమలపాకు వలె ప్రవర్తించును, ఏలయనగా వరదయు వానయు చేయి చేయి పట్టుకొని వచ్చును.

మిగిలిన సగము సమాధానము చెరువులలో ఉన్నది. జూన్ నెలలో మెట్ట మీద నాలుగంగుళముల వాన పడినను ఏలూరి వంతెన క్రింద చీలమండ లోతు నీరు రాకపోవచ్చును. ఎండిన నేల కొంత త్రాగును. ఏటి ఇసుక కొంత త్రాగును. దారిలో ఉన్న చెరువులు, కుంటలు కొంత పట్టుకొనును. అక్టోబరులో అదే నాలుగంగుళములు పడినచో కథ వేరు. నేల తడిసి ఉన్నది, ఇసుక నిండి ఉన్నది, చెరువులు కళింగల మీద పొర్లుచున్నవి. పడినది పడినట్లు దిగును. కాబట్టి "గత జూన్‌లో ఇంతకంటె పెద్ద వాన పడినది, ఏమియు కాలేదు" అను మాట వరద విషయములో సాక్ష్యము కాదు. నాగిరెడ్డిగూడెము వద్ద తమ్మిలేరు మీద 3 టి.యం.సి. జలాశయము కట్టినారు. అది ఏలూరికి మేలు చేయుచున్నది. కాని జలాశయమును సాగు కొరకు నింపవలెను, వరద కొరకు ఖాళీగా ఉంచవలెను. ఒకే కుండను నిండుగాను, వట్టిదిగాను ఉంచుట ఏ ఇంజనీరునకును సాధ్యము గాదు. అక్టోబరులో నిండిన జలాశయము పై నీటిని క్రిందికి వదలుట తప్ప చేయునది లేదు. దాని క్రింద కలియు వాగుల నీరు ఎట్లును జలాశయము చేతిలో లేదు.

చెరువు నిండిన తరువాత ఇంకొక అపాయము కలదు, అది తెగుట. పై చెరువు తెగినచో దాని నీరు క్రింది చెరువు మీద పడును, అది తెగును. ఇట్లు గొలుసు వలె సాగును. దీనికి మన చరిత్రలో మరపురాని నిదర్శనము 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో వచ్చిన మూసీ వరద. మూసీయు మెట్ట ఏరే, సంవత్సరములో చాల దినములు సన్నని ధార. ఆ వరదను పరిశీలింప వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి లెక్క ప్రకారము నగరమునకు ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహములో 788 చెరువులుండగా, వానిలో 221 తెగినవి. నగరములో వేలమంది చనిపోయిరి. ఆ అనుభవము నుండియే 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడువడని మన పెద్దలు వేళాకోళమాడుదురు గాని, గండిపేట పుట్టినది దాహము తీర్చుట కొరకే కాదు, వరదను ఆపుట కొరకును అని చాలమంది ఎరుగరు.

ఇంత దూరము పోనక్కర లేదు. 2005 అక్టోబరు 29వ తేదీన నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర, మన డెల్టా ప్రాంతము నుండి సికింద్రాబాదు పోవు డెల్టా ప్యాసింజరు ఒక చిన్న వంతెన దగ్గర పడిపోయి నూరు మందికి పైగా చనిపోయిరి. వంతెనను కొట్టుకొనిపోయినది కృష్ణ గాదు, గోదావరి గాదు. ఎగువ చెరువు గండిపడి వచ్చిన నీరు. పటములో ఆ వాగునకు పేరు వ్రాయుటకు కూడ చోటు చాలదు.

చిన్న ఏరు ఇంత క్రూరముగా ఎందులకుండును? దీనికి లెక్క ఉన్నది. దక్షిణ దేశములో ఇంజనీర్లు నూరేండ్లకు పైగా వాడుచున్న సూత్రము రైవ్స్ సూత్రము. విజయవాడలో రైవస్ కాలువ చూచినవారికి ఆ పేరు క్రొత్త గాదు. పరీవాహ వైశాల్యమును చదరపు కిలోమీటర్లలో తీసికొని, దాని ఘనమూలమును వర్గము చేసి, ఒక గుణకముతో హెచ్చవేసిన, గరిష్ఠ వరద సెకనుకు ఘనమీటర్లలో వచ్చును. కొండల దగ్గరి చిన్న పరీవాహములకు గుణకము 10.2. ఇప్పుడు వేసి చూడుడు. 10 చదరపు కిలోమీటర్ల వాగునకు 47 ఘనమీటర్లు. 100 చదరపు కిలోమీటర్లకు 220. వేయికి 1,020. వైశాల్యము పది రెట్లు పెరిగిన వరద పది రెట్లు పెరుగుట లేదు, నాలుగున్నర రెట్లు మించి మాత్రమే పెరుగుచున్నది. తలక్రిందుగా చూచిన, చిన్న వాగులో ఒక్కొక్క చదరపు కిలోమీటరు నుండి 4.7 ఘనమీటర్లు, పెద్దదానిలో ఒకటి మాత్రమే. పెద్ద నది తన పరీవాహమంతటి మీద ఒకేసారి కుండపోత వాన చూడదు. చిన్న వాగు చూడగలదు. ఒక్క మేఘము చాలు.

ఈ సూత్రములో వాన లేదు, నేల లేదు అని తెలివైన విద్యార్థి ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమే. దానికి వేరొక సులభమైన లెక్క కలదు. ఒక చదరపు కిలోమీటరు మీద గంటకు ఒక మిల్లీమీటరు వాన పడి అంతయు పారినచో సెకనుకు 0.278 ఘనమీటరు. 10 చదరపు కిలోమీటర్ల మెట్ట మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన, నీరంతయు వాగునకు చేరునంత సేపు కురిసి, సగము నేల త్రాగి సగము పారినదనుకొందము. 0.278ని 50తో, 10తో హెచ్చవేసి సగము చేసిన, సుమారు 70 ఘనమీటర్లు, అనగా 2,450 క్యూసెక్కులు. ఇది ఒక మోస్తరు కాలువ పట్టు నీరు. ఇప్పుడు ఆ మెట్టను ఇండ్ల స్థలములుగా చదును చేసి, సిమెంటు రోడ్లు వేసి, కుంట పూడ్చినచో సగమునకు బదులు ముప్పాతిక పారును. 3,700 క్యూసెక్కులకు చేరును. వాన ఒక్క చినుకు పెరుగలేదు. వాగు వెడల్పు కూడ పెరుగలేదు. చాలచోట్ల తగ్గినది.

సౌదీలోని జిద్దా పట్టణములో 2009 నవంబరు 25వ తేదీన జరిగినది ఇదియే. మన జిల్లాల నుండి అక్కడ పనిచేయు బంధువులు గలవారు ఈ కళాశాలలో కొందరున్నారు గనుక చెప్పుచున్నాము. నాలుగు గంటలలో 90 మిల్లీమీటర్ల వాన. మన అక్టోబరు తుపానుల ముందు అది గొప్ప వాన గాదు. కాని వాదీల నోళ్లలో పేటలు లేచియుండెను. నూరు మందికి పైగా చనిపోయిరి. ఎడారిలో మునిగి చచ్చుట ఎట్లు సాధ్యమని ఆశ్చర్యపడువారు వాదీని చూడనివారు.

ఇంతవరకు ఏరు దిగుట చెప్పితిమి. దిగిన ఏరు ఎట్లు పోవలెనో చూతము. మన ప్రాంతమునకు ఒక విశేషము కలదు. నేల వాలు ఉత్తరమునుండి దక్షిణమునకు. ఏరులు ఆ వాలున దిగుచున్నవి. మనుష్యుడు కట్టినవన్నియు దాదాపుగా అడ్డముగా, పడమటినుండి తూర్పునకు. విజయవాడ నుండి ఏలూరు వచ్చు కాలువ, ఏలూరు నుండి గోదావరి వైపు పోవు కాలువ, మద్రాసు-హౌరా రైలు మార్గము, జాతీయ రహదారి అన్నియు అడ్డకట్టలే. కాటన్ దొరగారి కాలమునుండి నేటివరకు ప్రతి తరము ఒక గట్టు కట్టి, ఏరు దాటుటకు ఒక సందు వదలినది. ఆ సందు వెడల్పును ఆ తరము చూచిన వరదను బట్టి నిర్ణయించినారు. అడ్డగట్టు ఎగువన నీరు నిలుచును, దిగువన ఎండియుండును. ఎగువవారు గండి కొట్టవలెనందురు, దిగువవారు కావలి కాయుదురు. ఈ తగాదాలలో ఉభయులును న్యాయమే పలుకుచుందురు.

తాడేపల్లిగూడెము వారికి ఇది బాగుగా తెలియును. అశ్వారావుపేట వైపు కొండలలో పుట్టిన ఎర్రకాలువ జంగారెడ్డిగూడెము దగ్గర కొంగువారిగూడెము జలాశయము దాటి, నల్లజర్ల మీదుగా దిగి, నందమూరు అక్విడక్టు వద్ద ఏలూరు కాలువతో ఎదురుపడును. తరువాత దాని పేరే మారిపోవును. యనమదుర్రు డ్రెయిను అగును. మెట్టలో ఎర్రని వాగు, డెల్టాలో మురుగు కాలువ. మెట్టలో వేగముగా దిగిన నీరు చదునునేల మీదికి వచ్చి, వాలు లేక, నిలబడి, ప్రక్కలకు ఒరుగును. 2024 జూలైలో ఎర్రకాలువ పొంగి నందమూరు పరిసరములలో వరిచేలు మునిగినవి. నాట్లు వేసి కొలది దినములైన చేను నీట మునిగిన, రైతు రెండవసారి నారు కొనవలెను. ఆ నారు సమయమునకు దొరకదు.

బుడమేరు కథ ఇంకను విషాదము. దీనిని 'విజయవాడ దుఃఖము' అని పిలుచుట అలవాటైనది. వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, వరదను మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలుపునట్లు ఏర్పాటు చేసినారు. ఏర్పాటు మంచిదే. కాని కృష్ణయే నిండుగా వచ్చిననాడు? 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో బుడమేరు పరీవాహములో కుండపోతగా వాన కురిసినది. మళ్లింపు కాలువకు గండ్లు పడినవి. సింగ్‌నగరు మొదలైన పేటలు దినముల తరబడి నీటిలో ఉండిపోయినవి. మరునాడు, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కులు పోయినవి. బ్యారేజి చరిత్రలో అంతకుముందు అంత నీరు పోలేదు. పోవుటకు ద్వారము పెట్టినారు, ద్వారము అవతల గది నిండియున్నది. మేము చిన్న ఏరులను గూర్చి పాఠము చెప్పునపుడు ఈ ఒక్క మాటను పలకమీద రెండుసార్లు వ్రాయుదుము: ఏరు ఎంత తెచ్చుచున్నది అని అడిగినంత గట్టిగా, చేరుచోట ఎంత ఎత్తున ఉన్నది అని అడుగవలెను.

ఏలూరికి ఆ చేరుచోటు కొల్లేరు. తమ్మిలేరు పట్టణము దగ్గర రెండు పాయలై, తూర్పు పాయ, పడమటి పాయ ఊరిని చుట్టి, కొల్లేటిలో కలియుచున్నవి. కొల్లేటి పరీవాహము సుమారు 4,763 చదరపు కిలోమీటర్లు. అందులో అధికభాగము మెట్ట. ఇన్ని ఏరులకు, డ్రెయినులకు సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు అరువది కిలోమీటర్లు మెలికలు తిరిగి పోవును. వాలు లేనే లేదని చెప్పవచ్చును. సముద్రపు పోటు వచ్చిన వేళ అది కూడ మూసిన తలుపే.

కొల్లేరు ఎంత పెద్దదని అడిగిన ఒక్క సమాధానము లేదు, ఏ కాంటూరు వద్ద అని ఎదురు ప్రశ్న వేయవలెను. సముద్రమట్టమునకు 5 అడుగుల కాంటూరు వద్ద 308 చదరపు కిలోమీటర్లు. 1999లో అభయారణ్యముగా ప్రకటించినది ఈ భాగమునే. 10 అడుగుల వద్ద 901 చదరపు కిలోమీటర్లు. 2002లో రాంసార్ జాబితాలో చేరినది అంత మేరకు. అయిదడుగుల ఎత్తులో సరస్సు మూడు రెట్లగుచున్నది! గది గోడకు మేకు కొట్టునంత ఎత్తు కూడ గాదు. ఈ రెండు కాంటూరుల నడుమ పట్టు నీటిని మేము ఉజ్జాయింపుగా లెక్క వేయగా 32 టి.యం.సి. వచ్చినది. పరీవాహమంతటి నుండి నాలుగంగుళముల నీరు పారి వచ్చినచో సుమారు 17 టి.యం.సి. అనగా ఆ విశాలమైన పళ్లెము ఖాళీగా ఉండిన పక్షమున పెద్ద వరదను సైతము మోయగలదు. ఉప్పుటేరు గుండ పదివేల క్యూసెక్కులు పోవుచున్నవని అనుకొన్నను ఆ 17 టి.యం.సి. పోవుటకు సుమారు ఇరువది దినములు పట్టును. కాబట్టి కొల్లేరు వరదను పంపదు, పట్టుకొని కూర్చుండును. దాని పని అదే.

ఆ పళ్లెములో చేపల చెరువుల గట్లు లేచినవి. గట్టు లోపలి భాగము పళ్లెములోనిది కాకుండ పోయినది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేర అభయారణ్యములోని చెరువుల గట్లను తెగగొట్టినారు. తరువాత చాలచోట్ల మరల లేచినవి. లంకలలో 46 గ్రామములవారు ఉన్నారు, వారికి జీవనము కావలెను. ఈ వివాదమును ఒక వ్యాసములో తీర్చజాలము. మేము చెప్పునది లెక్క మాత్రమే. పళ్లెములో ఎంత భాగము గట్టు వేయబడినదో అంత మేర నీరు మరొక చోట ఎత్తు లేచును. ఆ మరొక చోటు కొన్నిసార్లు ఏలూరు.

ఇందువలన మన పట్టణమునకు రెండు విధములైన వరదలు. ఒకటి మెట్ట వరద. ఎర్రగా, చప్పుడుతో, రాత్రికి రాత్రి వచ్చి రెండు దినములలో పోవును, బురద మిగులును. రెండవది కొల్లేటి వరద. నల్లగా, చప్పుడు లేకుండ, దిగువనుండి ఎగువకు వచ్చును. దీనినే తెలుగువారు చాపక్రింద నీరు అందురు. మన ఏలూరులో తివాచీక్రింద నీరు అనవలెనేమో! తంగెళ్లమూడిలో తివాచీలు నేయు ఇండ్లవారితో మాటలాడినపుడు ఒక వృద్ధుడు మాతో అనినది వినదగినది: "ఎర్ర నీళ్లకు మంచమెక్కితే చాలు బాబూ. నల్ల నీళ్లకు ఊరు మారాలి." రెండును ఒకేసారి వచ్చిననాడు ఏమి చేయవలెనో అతడు చెప్పలేదు. మేము అడుగలేదు.

ఇప్పుడు మొదట చెప్పెదమన్న రెండవ కారణము. కళాశాల కమిటీ వారు విద్యార్థుల వసతిగృహమునకు స్థలము చూచుచున్నారు. దాతల సొమ్ము పరిమితము. చూచిన వానిలో ఒక స్థలము ధర తక్కువ, కళాశాలకు దగ్గర, దారి మంచిది. అమ్మువారు "ఇక్కడికి నీరు ఎప్పుడూ రాలేదు" అని చెప్పినారు. వారు అబద్ధమాడుచున్నారని మేము అనము. వారు ఆ స్థలము కొన్నది 2021లో. ధర తక్కువగుటకు కారణము అడుగుట కమిటీవారి ధర్మము, కొలుచుట మా పని అని తలచి, తృతీయ సంవత్సరపు విద్యార్థులు ఆరుగురితో ఒక ఆదివారము అక్కడికి పోతిమి.

పటము చూడగా ఆ స్థలము తమ్మిలేటి పాయకు అర కిలోమీటరు లోపున, రహదారి గట్టునకు ఎగువ వైపున ఉన్నది. అనగా నీరు నిలుచు వైపు. నడుమ ఒక పాత బోదె ఉండవలెను. నేల మీద అది లేదు. దాని మీద మూడు ఇండ్లు, ఒక కట్టెల అడితి ఉన్నవి. వర్షాకాలములో ఆ బోదె నీరు ఎటు పోవుచున్నదని అడితివారిని అడుగగా వారు నవ్వి స్థలము వైపు చేయి చూపినారు. ఎదురింటిలో ఉండు ఒక ముసలమ్మగారు మమ్ములను పిలిచి, తమ వసారా స్తంభము చూపినారు. 2020లో నీరు దిగిన తరువాత మట్టి గీత మిగిలినదట. ఇంటికి సున్నము వేయునపుడు కుమారుడు దానిని తుడిచివేయబోగా ఆమె ఒప్పుకొనక, మేకుతో గీయించి ఉంచినారు. "మళ్లీ వస్తే ఎక్కడిదాకా సామాను ఎత్తాలో తెలవద్దా నాయనా" అనినారు. మా నడకలలో ఇంతకంటె మంచి వరద కొలబద్దను మేము చూడలేదు.

విద్యార్థులు తాపీమేస్త్రీలు వాడు నీటి గొట్టముతో మట్టములు తీసినారు. ఎవరైనను చేయవచ్చును. పారదర్శకమైన గొట్టములో బుడగ లేకుండ నీరు నింపి, రెండు కొనలు రెండు చోట్ల నిలిపిన, రెండు కొనలలోను నీరు ఒకే మట్టమున నిలుచును. ఇరువది మీటర్ల గొట్టముతో ఏడు అంగలలో వీధి దాటి స్థలము చివరకు పోతిమి. తప్పు పడునేమోయని వెనుకకు కూడ కొలిచితిమి. రెండు కొలతలకు భేదము అంగుళమునకు లోపు. స్తంభము మీది గీత వీధి మట్టమునకు 2 అడుగుల 8 అంగుళముల ఎత్తున ఉన్నది. స్థలము వీధి కంటె 1 అడుగు 6 అంగుళములు పల్లము. ఆ సంవత్సరపు నీరు మరల వచ్చినచో వసతిగృహపు నేలమీద, పునాది ఎత్తు లెక్కింపక, 4 అడుగుల 2 అంగుళముల నీరు నిలుచును.

మంచము ఎత్తు అడుగున్నర. పుస్తకముల బీరువా క్రింది రెండు అరలు నాలుగడుగుల లోపున ఉండును. అంత నీటిలో పదునెనిమిదేండ్ల బాలుడు నడువగలడు గాని, ప్రవాహముండిన నడువరాదు.

స్థలమును మెరక చేయవచ్చునని కొందరు మిత్రులు అనుచున్నారు. చేయవచ్చును. అయిదడుగుల మెరకకు ఎన్ని లారీల మన్ను కావలెనో లెక్క వేసి ధరకు కలిపి చూచిన, తక్కువ ధర ఎంత తక్కువో తేలును. మెరక చేసిన తరువాత ఆ మన్ను ఆక్రమించిన మేర నీరు ఎటు పోవునో ముసలమ్మగారి స్తంభమును అడుగవలెను. మేము చూచిన రెండవ స్థలము రైలు మార్గమునకు దిగువన, కొంత దూరము, ధర ఎక్కువ. దానిని ఇంకను కొలువలేదు. వచ్చే ఆదివారము ఉదయము ఏడు గంటలకు విద్యార్థులు గొట్టముతో అక్కడికి పోవుచున్నారు. కమిటీ సభ్యులలో ఎవరైన రాదలచినచో గొట్టము రెండవ కొన పట్టుకొనుటకు ఒకరు కావలెను. ఆ బాలుడు కూడ వచ్చుచున్నాడు. సిరా కరగిన సర్టిఫికెట్లకు బదులు క్రొత్తవి ఇంకను రాలేదు.